టిక్కెట్టు లేని మబ్బు

తహసీన్ టీచర్ ఒక మబ్బును పట్టి, నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో కూర్చోబెట్టి, మూత బిగించి, టిక్కెట్టు తీయకుండా తెనాలి నుంచి బాపట్ల దాకా రైల్లో తీసుకెళ్లింది. నమ్మనివాళ్లు నమ్మకపోతే పోయారు గానీ, ఆ రోజు అదే పెట్టెలో ప్రయాణం చేసినవాళ్లు ఇంకా నిక్షేపంలా ఉన్నారు, వెళ్లి అడగొచ్చు. టీసీ వచ్చి "క్యారియర్లో ఏముందమ్మా?" అంటే లోపల్నుంచి సన్నగా ఉరిమిందట. ఆయన జడుసుకుని పక్క పెట్టెలోకి పోయి, బాపట్ల వచ్చేదాకా ఇటు తొంగిచూడలేదట. నిడుబ్రోలు దగ్గర ఎదురు సీటు ముసలాయన, ఎందుకైనా మంచిదని గొడుగు తెరిచాడట.

ఇందులో ఎంత నిజం, ఎంత సాగదీత అన్నది చివర్లో ఆవిడే తేలుస్తుంది. ఆవిడకి ఆ జబ్బుంది. ఎంత అందమైన అబద్ధాన్నైనా నిలబెట్టి టేపు పట్టి కొలుస్తుంది. దర్జీ పెళ్లాం కదా మరి.

భర్త నాసిర్‌కి తెనాలి మారీసుపేటలో టైలరింగ్ షాపు. ఆవిడ ఉద్యోగం మాత్రం రేపల్లె దాటాక, పెనుమూడి వెళ్లే దారిలో ఉన్న ఓ చిన్న ప్రాథమిక బడిలో. పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్ ఎక్కుతుంది. ఎక్కేది అదే రైలు, దిగేది అదే స్టేషను, అయినా ఆవిడకి దారి ఏ రోజూ ఒకలా ఉండదు. కిటికీ పక్కన చోటు దొరికితే చాలు, కళ్లు తెరుచుకునే కలగంటుంది. చలికాలంలో వేమూరు దాటాక మినుము చేలమీద మంచు తెల్లగా పరుచుకుని ఉంటుంది, ఎవరో దుప్పటి కప్పి తీయడం మర్చిపోయినట్టు. తాటిచెట్లు మొండేలు లేకుండా తలలు మాత్రం తేలుతూ వస్తాయి. భట్టిప్రోలు చేరేసరికి ఆ రోజు పాఠంలో చెప్పాల్సిన ఇంగ్లీషు మాటలన్నీ ఒక్కొక్కటే రైలెక్కి ఎదురు సీట్లలో సర్దుక్కూర్చుంటాయి. 'ఎవాపరేషన్' లావుపాటి మనిషి, ముగ్గురి చోటు తనే తింటుంది. 'సాయిల్' బురద కాళ్లతో వచ్చి, మొహమాటానికి కిందే కూర్చుంటుంది. 'గ్యాస్' ఎక్కిందో లేదో ఎవరికీ తెలియదు. వాటిని చూసి ఆవిడ తనలో తాను నవ్వుకుంటుంటే, రోజూ వచ్చేవాళ్లు "టీచరమ్మకి పాఠం పూనింది" అనుకుని ఊరుకుంటారు.

రేపల్లెతో ఆ లైను ఆగిపోతుంది కాబట్టి సరిపోయింది. పట్టాలు ఇంకాస్త ముందుకు వేసుంటే, ఆవిడ ఏ సముద్రంలోనో దిగి చేపలకి హాజరు వేసేది. తిరుగు ప్రయాణంలో అలాంటి అడ్డు లేదు గనక తెనాలి దాటి గుంటూరు దాకా పోయిన రోజులున్నాయి. రెండుసార్లేనని ఆవిడ అంటుంది. నాసిర్ లెక్కలో తొమ్మిది.

బడిలో పాఠాలు ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. ఇంగ్లీషు అర్థంకాని పిల్ల తెలుగు పేజీ చూసుకుంటుందని పైవాళ్ల ఊహ. చూసుకుంటే అక్కడేముంటుంది? 'ద్రావణం' ఉంటుంది.

"ద్రావణుడు రావణుడికి ఏమవుతాడు టీచర్?" అని అడిగాడు యలమంద, ఆ పాఠం మొదలైన రోజే. ఐదో తరగతిలో అందరికన్నా పొడుగు వాడు. నోరు అంతకన్నా పొడుగు.

"ద్రావణుడు కాదురా, ద్రావణం. ఇంగ్లీషులో సొల్యూషన్. ఉప్పు నీళ్లలో కరిగిస్తే వచ్చేది."

"అది ఉప్పునీళ్లు కదండీ!"

అదీ వరస. తెలుగు మాటా కొత్తదే, ఇంగ్లీషు మాటా కొత్తదే, వస్తువు మాత్రం పుట్టినప్పట్నుంచి వంటింట్లో ఉన్నదే. కొందరు పిల్లలకైతే ఇంకో మెలిక. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడిళ్ల చుట్టానికి ఏ ఇంట్లోనూ కడుపునిండా అన్నం దొరకదంటారు. ఫిర్దోస్‌కి మాత్రం మూడిళ్లలోనూ విందే. మాటల విందు.

ఫిర్దోస్‌కి పదేళ్లు. మెయిన్ రోడ్డు నుంచి బడి వైపు మళ్లే మలుపులో వాళ్ల నాన్న షాకిర్‌కి పంచర్ షాపు ఉంది. ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెడితే కృష్ణ అవతలి ఒడ్డున గేదెలు మేత ఆపి తలలెత్తేవి. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" దగ్గర ఆగేది కాదు. పొద్దున ఏం తిన్నదీ, అమ్మ దేనికి తిట్టిందీ, దారిలో ఏ ట్రాక్టరు టైరు ఎంత చప్పుడుతో పేలిందీ, అన్నీ అప్పజెప్పి గానీ కూర్చునేది కాదు. తహసీన్ టీచర్ హాజరు పట్టీలో ఆ పేరు దగ్గర పెన్ను ఆనించి, అది పూర్తయ్యేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. రైలు కిటికీలోంచి చూసినట్టే.

ఆ నోరు దసరా సెలవుల తర్వాత ఒక్క మధ్యాహ్నంలో మూతపడింది. మూసింది తహసీన్ టీచరే.

జరిగింది చూడబోతే చిన్నదే. పరీక్ష పేపర్లో ఒక ప్రశ్న, సొల్యూషన్ అంటే ఏమిటి, ఉదాహరణ రాయండి అని. భోజనాలయ్యాక టీచర్ క్లాసులోనే కూర్చుని పేపర్లు దిద్దుతోంది. ఫిర్దోస్ జవాబు ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "సొల్యూషన్ ఈజ్ ఫర్ పంచర్. ఫస్ట్ రబ్. దెన్ సొల్యూషన్. దెన్ బ్లో. దెన్ వెయిట్." సొల్యూషన్ పంచరుకి వాడేది, ముందు గీకాలి, తర్వాత సొల్యూషన్ రాయాలి, ఊదాలి, ఆగాలి అని ఆ పిల్ల భావం. సైకిల్ షాపుల్లో ట్యూబుకి ప్యాచ్ అతికించే జిగురు పేరు అదే మరి.

టీచరుకి నవ్వొచ్చింది. చెడ్డ నవ్వు కాదు, ముద్దొచ్చిన నవ్వు. నవ్వు ఆగక దాన్ని పైకి చదివింది. సున్నా వేసింది.

క్లాసంతా విరగబడి నవ్వింది. "పంచర్!" అని అరిచాడు యలమంద. ఆ పేరు ఆ పిల్లకి అతుక్కుంది, వాళ్ల నాన్న వేసిన ఏ ప్యాచూ అంత గట్టిగా అతుక్కుని ఉండదు.

మర్నాడు హాజరు పిలిస్తే ఫిర్దోస్ చెయ్యెత్తింది. అంతే. ఆ తర్వాత రోజూ అంతే. గొంతు నొప్పేమోననుకుంది టీచర్. జలుబేమోననుకుంది. నెల గడిచింది. పేరు దగ్గర పెన్ను ఆనించి కిటికీలోంచి చూడటం ఆవిడకి అలవాటు, ఇప్పుడూ చూసేది. క్లాసులోంచి ఏమీ వినిపించేది కాదు. రైల్లో కూడా ఒక సీటు ఖాళీగా రావడం మొదలైంది. మాటలన్నీ ఎక్కేవి, 'సొల్యూషన్' ఒక్కటే ఎక్కేది కాదు. ఆ ఖాళీ సీటులో వేరే మాట ఏదీ కూర్చునేది కాదు.

డిసెంబరులో షాకిర్ బడికొచ్చాడు. వాకిట్లోనే ఆగి, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంట్లో మాట్లాడుద్ది ఆపా," అన్నాడు, ఉర్దూలో అక్కా అని పిలుస్తూ. " నిద్దట్లో కూడా మాట్లాడుద్ది. బడి గేటు కాడికి రాంగానే ఆగిపోద్ది. చెప్పులు విప్పినట్టు మాట విప్పేసి లోపలికొస్తంది."

"ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా షాకిర్ భాయ్."

"ఒళ్లు బానే ఉంది." కాసేపు గడపకేసి చూశాడు. "ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. సొల్యూషన్ అంటే అదే కదా? ట్యూబు మీద ఇంగ్లీషులో అదే రాసుంది. పాతికేళ్ల నుంచి నేనూ అదే అంటన్నా. తప్పైతే చెప్పండి, మానేస్తా."

టీచర్ వెనక్కి తిరిగి, క్లాసులో ఫిర్దోస్ కూర్చునే చోటుకేసి చూసింది.

"జూన్లో ఆరో క్లాసుకి పెద్ద బడికి పోవాలి ఇది. ఈ ముప్పై మందిలో తెరవని నోరు ఆ నాలుగొందల మందిలో ఏం తెరుస్తది? మూగపిల్ల అనుకుంటారు. ఇక ఆ పేరే ఉండిపోద్ది. పేర్లు ఎట్టా అతుక్కుంటాయో మీకు తెలుసుగా."

ఆ సాయంత్రం తిరుగు రైల్లో ఆవిడకి కలేమీ రాలేదు. జ్ఞాపకం వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట బాపట్లలో టీచర్ ట్రైనింగ్. 'స్టేషన్' అనాల్సిన చోట ఇంటి అలవాటు కొద్దీ 'ఇస్టేషన్' అనేసింది. పాఠం చెప్పే సార్ నవ్వి, "మళ్లీ అనమ్మా" అని నిలబెట్టి మూడుసార్లు అనిపించాడు. మిగిలిన ట్రైనింగంతా ఆవిడ "అవునండి, లేదండి"ల మీదే గడిపేసింది. ఆ సార్ కూడా ముద్దొచ్చే నవ్వాడేమో. ఆ సంగతి ఆవిడకి ఇన్నేళ్లూ తట్టలేదు. రైలు తెనాలిలో ఆగింది. ఆ రోజు ఆవిడ తెనాలిలోనే దిగింది.

మర్నాడు హెడ్మాస్టరు పురుషోత్తం గారి సైకిలుకి గాలి పోయింది. డాక్టరు చెప్పాడని కొనుక్కున్న కొత్త సైకిలు, టైర్ల మీది రబ్బరు ముళ్లు కూడా ఇంకా అరగలేదు. పంచరెలా పడిందో ఎవరికీ తెలియదు. తహసీన్ టీచర్ కొంగుకి ఎప్పుడూ ఒక గుండుసూది ఉంటుందన్నది వేరే సంగతి. దర్జీ పెళ్లాం.

"నేను చేయించుకొస్తాలెండి మాస్టారూ" అని ఆవిడే నడిపించుకుంటూ షాకిర్ షాపుకి తీసుకెళ్లింది.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి అయిపోయింది. ఫిర్దోస్ షాపులోనే ఉంది. టీచర్ని చూడగానే నోరు కట్టేసుకుంది, పని మాత్రం ఆపలేదు. ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పింది. ఒకచోట బుడగలు లేచాయి. అక్కడ వేలు పెట్టి నాన్నకేసి చూసింది. షాకిర్ ట్యూబు తుడిచాడు, గరుకు కాగితంతో గీకాడు, చిన్న ట్యూబులోంచి సొల్యూషన్ పిండి వేలితో పలచగా రాశాడు. ఊదాడు. ట్యూబుని మోకాలి మీద పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"అతికించరేం?"

"ఆగాలి ఆపా. తడిమీద వేస్తే పట్టదు. తడి పోవాలి."

"ఎటు పోద్ది?"

షాకిర్ పెద్దగా నవ్వాడు. "దీన్నే అడగండి. మాటలొచ్చిన కాడ్నుంచి ఇదే గోల. అబ్బాజాన్, తడి ఎక్కడికి పోయింది? గాల్లోకి పోయిందంటే, గాల్లో ఎక్కడికి? నేనేం చెప్పేది? నేను చదివింది నాలుగో క్లాసు."

ఫిర్దోస్ తలెత్తి టీచర్ మొహం చూసింది. ఒక్క క్షణమే. మళ్లీ తొట్టిలో నీళ్లకేసి చూసుకుంది.

తహసీన్ ఆ చిన్న ట్యూబు తీసుకుని, కళ్లద్దాలు పైకి జరుపుకుని, మీద ఉన్న చీమతలకాయ అక్షరాలు చదివింది. రబ్బరు. దాన్ని కరిగించిన ద్రవం. కరిగేది సొల్యూట్, కరిగించేది సాల్వెంట్, రెండూ కలిస్తే సొల్యూషన్. రాసి ఊదితే, కరిగించింది ఎగిరిపోతుంది, కరిగింది మిగిలిపోయి పట్టుకుంటుంది. పుస్తకంలో నాలుగు పేజీల పాఠం ఆ చిటికెన వేలంత ట్యూబులో ఉంది. ఉప్పునీళ్లకన్నా మంచి ఉదాహరణ. ఆ పిల్ల జవాబు తప్పు కాదు. దిద్దిన మనిషికి తెలియలేదంతే.

మోకాలి మీద ట్యూబు ఆరుతోంది. దాని పైన గాలి సన్నగా వణుకుతున్నట్టు ఆవిడకి అనిపించింది. రోడ్డు మీద పెనుమూడి ఆటోలు పోతున్నాయి. ఎండలోంచి ఎవరో నడిచొచ్చి పక్కన బల్లమీద కూర్చున్నట్టయింది. చేతుల నిండా గ్రీజు, గోళ్లలో నలుపు. 'సొల్యూషన్.' ఇన్నాళ్లూ రైలెక్కకుండా ఇక్కడే కూర్చుందన్నమాట.

సోమవారం పొద్దున టీచర్ బోర్డు ముందు నిలబడి చెప్పింది. "ఫిర్దోస్ రాసింది కరెక్టు. నేను వేసిన మార్కు తప్పు. నవ్వింది ఇంకా పెద్ద తప్పు." పేపరు తీసి సున్నా కొట్టేసి అయిదుకి అయిదు వేసి, క్లాసంతటికీ చూపించింది.

ఎవరూ నవ్వలేదు. ఫిర్దోస్ పేపరు తీసుకుంది, మడిచింది, సంచిలో పెట్టుకుంది. మాట్లాడలేదు. సారీ చెప్పగానే మాట పరిగెత్తుకొచ్చేస్తే, అది కథల్లో పిల్ల. ఇది షాకిర్ కూతురు. తడి పోయేదాకా ఆగాలి.

ఆవిడ ఆగింది. ఆగుతూ బోర్డుని నిలువుగా రెండు భాగాలు చేసింది. ఎడమవైపు 'పుట్టిల్లు' అని రాసింది, కుడివైపు 'అత్తారిల్లు' అని. "ఇంగ్లీషు మాటలు మన ఊళ్లోనే ఎప్పుడో పుట్టి పెరిగాయి. అదే పిల్ల పుస్తకంలోకి కాపురానికెళ్తే చీర మారుద్ది, పద్ధతి మారుద్ది. మనిషి అదే. మీరు రోజుకో మాటని పుట్టింటి నుంచి తీసుకురండి. నేను అత్తారింట్లో దింపుతా."

ఇక చూడాలి. రేపల్లె వీధుల్లో ఒక్క ఇంగ్లీషు మాట నిద్రపోలేదు. కొళాయి దగ్గర్నుంచి 'ఫోర్స్' వచ్చింది, "ఇయ్యాల నీళ్లు ఫోర్సుగా రావట్లేదు" అంటూ. ఎవరి తాతగారి దగ్గర్నుంచో 'ప్రెషర్' వచ్చింది, మాత్రలు చేతబట్టుకుని. టిన్నుల నీళ్లమ్మే చోటి నుంచి 'ప్లాంట్' వచ్చింది.

"ప్లాంట్ అంటే మొక్క అని పుస్తకంలో ఉంది టీచర్. మరి వాటర్ ప్లాంటులో మొక్కల్లేవేంటి?" అన్నాడు యలమంద.

"రెండూ నాటేవేరా. ఒకటి నేలలో నాటుతారు, ఇంకోటి సిమెంటులో."

"మరి 'మ్యాటర్ హ్యాజ్ త్రీ స్టేట్స్' అంటే? ఆంధ్రా, తెలంగాణ, ఇంకోటేంటండీ?"

ఈసారి టీచర్ నవ్వలేదు. యలమంద నవ్వించాలని చూశాడు గానీ, ఆవిడ సుద్దముక్క తీసుకుని 'స్టేట్' ని పుట్టింట్లో రాసి, "మనిషి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ భాష, ఆ తిండి. నీళ్లు ఐసు రాష్ట్రంలో ఉంటే గట్టిగా ఉంటాయి, ఆవిరి రాష్ట్రంలో ఉంటే ఎగురుతాయి. తప్పేముంది?" అంది. తను వేసిన జోకు పాఠమైపోయినందుకు యలమంద రెండు రోజులు దిగులుపడ్డాడు.

ఫిర్దోస్ కూడా మాటలు తెచ్చేది. కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టి పోయేది. వాల్వ్. లీకేజ్. ఎయిర్. ఒకరోజు కాగితం మీద మాట లేదు, తెలుగులో ప్రశ్న ఉంది: 'తడి ఎక్కడికి పోయింది?'

దానికి జవాబుగానే మబ్బు పుట్టింది. టీచర్ సోడా షాపు నుంచి ఐసు తెప్పించి, గాజు సీసాలో వేడినీళ్లు పోసి, అగరుబత్తి పొగ ఒక్క పాయ పంపి, మూతమీద ఐసు పెట్టింది. సీసాలో తెల్లగా ఏదో కదిలింది, తిరిగింది, తేలింది. ముప్పై మంది బల్ల చుట్టూ మూగారు. "ఎగిరిపోయిన తడి చల్లదనం తగిలితే ఇలా తిరిగొస్తుంది. ఎగరడం ఎవాపరేషన్, తిరిగిరావడం కండెన్సేషన్." మూత తీస్తే ఆ బుల్లి మబ్బు పైకి లేచి, దూలాల దాకా పోయి, ఫ్యాను రెక్కల మధ్య నుంచి ఊరి మీదికి వెళ్లిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫిర్దోస్ దాని వెనకే తల తిప్పుతూ పోయింది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

ఫిబ్రవరి చివర బాపట్లలో జిల్లా పిల్లల సైన్సు ప్రదర్శన పెట్టారు. బడికి ఇద్దరు వెళ్లాలి, ఇంగ్లీషులో వివరించాలి. టీచర్ యలమంద పేరు రాసింది, కింద ఫిర్దోస్ పేరు రాసింది.

"మాట్లాడని పిల్లని మాట్లాడే పోటీకి పంపుతారా?" అన్నారు పురుషోత్తం మాస్టారు.

"మాట్లాడేవాడు యలమంద ఉన్నాడు కదండీ. ఆ పిల్ల సీసా పట్టుకుంటుంది" అంది ఆవిడ. మాస్టారికి చెప్పింది అది. లోపల కోరుకున్నది వేరు.

ఆ రోజు నాసిర్ తెల్లవారగానే తెనాలి చేపల మార్కెట్టుకెళ్లి ఐసు తెచ్చి, నాలుగు గిన్నెల్లోనూ కూరి ఇచ్చాడు. "మీ మబ్బు కొరమీను వాసనొస్తది, నా పూచీ లేదు" అన్నాడు. షాకిర్ పిల్లలిద్దర్నీ రేపల్లె నుంచి మొదటి బండికి తీసుకొచ్చాడు. తెనాలి ప్లాట్‌ఫారం మీద నలుగురూ కలిసి బాపట్ల బండెక్కారు.

పొద్దుటి మంచింకా విడలేదు. పొలాలు, కాలవలు, గేట్ల దగ్గర ఆగిన స్కూటర్లు, అన్నీ నీళ్లలో ముంచి తీసిన బొమ్మల్లా కిటికీ పక్కనుంచి పోతున్నాయి. క్యారియర్ టీచర్ ఒళ్లో ఉంది. యలమంద నేర్చుకున్న ఇంగ్లీషు వాక్యాలు నోట్లో నమిలి నమిలి పిప్పి చేస్తున్నాడు. ఫిర్దోస్ కిటికీ అద్దం మీద ఊది, ఆవిరి పోయేదాకా చూసి, మళ్లీ ఊదింది. టీచర్ కళ్లముందు సీట్లన్నీ నిండిపోయాయి. ఎవాపరేషన్, కండెన్సేషన్, ఆ పక్కనే గ్రీజు చేతుల సొల్యూషన్. ఎటు పోతున్నాం, ఎవరి కోసం పోతున్నాం అన్నది కూడా మంచులో కలిసి తేలిపోయింది. అక్కడ చూసుకోవాల్సింది ఐసుని. చూసుకోలేదు.

బాపట్లలో దిగాక యలమంద మూత తీశాడు. "టీచర్! మబ్బు దిగిపోయిందండి."

"ఏంటి?"

"నిడుబ్రోల్లోనే దిగిపోయినట్టుంది. నీళ్లే ఉన్నాయి."

నాలుగు గిన్నెల్లోనూ చల్లటి నీళ్లు. చేప వాసన. మళ్లీ ఐసు వెతికే వ్యవధి లేదు.

హాల్లో వాళ్ల బల్లకి ఒకపక్క ఎర్రరంగు కక్కే అగ్నిపర్వతం, ఇంకోపక్క లైట్లు వెలిగే సౌరకుటుంబం. మధ్యలో గాజు సీసా, వేడినీళ్ల ఫ్లాస్కు, క్యారియర్. చూడటానికి ఎవరో టిఫిన్ చేయడానికి కూర్చున్నట్టుంది. సీసాలో వేడినీళ్లు పోశారు. ఆవిరి పైకి లేచి మూతకి అంటుకుని ఊరుకుంది. మబ్బు కట్టలేదు.

న్యాయనిర్ణేత రంగనాయకులు గారు వచ్చారు. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్, సన్నటి మనిషి, ఓపిక గల కళ్లు. టీచర్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మీరు కాదమ్మా, పిల్లలు చెప్పాలి" అన్నారు.

యలమంద మొదలుపెట్టాడు. "గుడ్ మార్నింగ్ సార్. కండెన్సేషన్ ఈజ్... కండెన్సేషన్ ఈజ్ ది..." మబ్బు లేని సీసాకేసి చూశాడు. నేర్చుకున్న పద్నాలుగు వాక్యాలూ మబ్బుతో పాటే దిగిపోయాయి. జీవితంలో మొదటిసారి వాడి నోరు పొడుగు తగ్గింది.

పక్క బల్లమీద అగ్నిపర్వతం ఒకసారి గులగులమంది.

అప్పుడు ఫిర్దోస్ వెనక్కి తిరిగి, నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. పంచర్ షాపు మనిషి జేబులో ఏముంటుంది? చిన్న ట్యూబు ఉంటుంది. మూత తిప్పి, క్యారియర్ మూత మీద కొంచెం పిండి, వేలితో పలచగా రాసింది.

"దిస్ ఈజ్ సొల్యూషన్, సార్."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తహసీన్ కొంగు పిడికిట్లో బిగించింది. గుండుసూది గుచ్చుకున్నా తెలియలేదు. ఆ పిల్ల అటు చూసింది. చూసి, గొంతు ఇంకాస్త పెంచింది.

"రబ్బర్ ఈజ్ సొల్యూట్. బ్లో, సార్."

"నేనా అమ్మా?"

"మీరే సార్. బ్లో."

ఆయన వంగి ఊదారు.

"ఇంకా గట్టిగా. ఆ. నౌ వెయిట్."

అందరూ ఆగారు. రంగనాయకులు గారు, యలమంద, షాకిర్, నవ్విన పిల్లలు కూడా. హాలు కిటికీల్లోంచి సముద్రపు గాలి తేమగా వస్తోంది. ఆ ఆగడంలో కాలం కూడా మోకాలి మీద ట్యూబు పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"వేర్ ఇట్ వెంట్, సార్?" అంది ఫిర్దోస్. ఇంగ్లీషు అక్కడితో సరిపోలేదు. తెలుగులోకి దూకేసింది. "ఎవాపరేట్ అయిందండి. ఎక్కడికీ పోలేదండి, ఇక్కడే ఉంది. కనపడదంతే."

"కనపడకపోతే ఉన్నట్టు ఎలా తెలుసు?"

"వాసనొస్తందిగా సార్!"

ఆయన నవ్వాపుకున్నారు. "బాగుంది. మరి నీళ్లకి వాసన ఉండదుగా? నీళ్లు ఎగిరిపోతే ఎలా పట్టుకుంటావ్?"

ఫిర్దోస్ సీసాకేసి చూసింది, ఫ్లాస్కుకేసి చూసింది. చూపు క్యారియర్ మీద ఆగింది. స్టీలు గిన్నెల బయట ముత్యాల్లా నీటి చుక్కలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ జారుతున్నాయి. వేలితో తుడిచింది. గిన్నె తిప్పి అడుగు తడిమింది, అంచులు తడిమింది, పంచర్ వెతికినట్టే.

"లీకేజ్ లేదు సార్. ఇవి లోపలి నీళ్లు కావు. బయట గాల్లోవి. చల్లగా తగిలేసరికి ఇక్కడ ఆగిపోయాయి. కండెన్సేషన్!"

"ఎక్కడి నీళ్లమ్మా అవి?"

"ఎవరో ఆరేసుకున్న బట్టల్లోవి సార్."

రంగనాయకులు గారు వంగి, ఆ చుక్కల్లో ఒకదాన్ని వేలిమీదికి తీసుకుని చూశారు. తర్వాత పెన్ను తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయారు. అంటే మబ్బు నిడుబ్రోల్లో దిగలేదన్నమాట. లోపల చోటు చాలక, క్యారియర్ బయట ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చింది.

మొదటి బహుమతి అగ్నిపర్వతానికిచ్చారు. రెండోది సౌరకుటుంబానికి. క్యారియర్‌కి ఏమీ రాలేదు. తిరుగు బండిలో ఫిర్దోస్ బాపట్ల నుంచి తెనాలి దాకా ఆపకుండా మాట్లాడింది. అక్టోబరు నుంచి దాచుకున్నవన్నీ. హాజరులో చెప్పాల్సినవి, చెప్పకుండా మిగిలిపోయినవి, ఒక్కటి వదల్లేదు. "టీచర్, దీన్ని ఆపండి, మీకు పుణ్యముంటది" అని యలమంద చేతులు జోడించాడు. "పంచర్ అన్నోడివి, విను" అంది ఆ పిల్ల. షాకిర్ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. తహసీన్ టీచరుకి ఎదురు సీటులో ఎవరూ కనబడలేదు. సీట్లన్నీ ఖాళీ. మాటలన్నీ ఆ పిల్ల దగ్గరే ఉన్నాయి.

మబ్బు కథ ఆ సాయంత్రమే పుట్టింది. రేపల్లె చేరేలోపు అందులో టీసీ కలిశాడు, పెనుమూడి చేరేలోపు ఉరుము కలిసింది. గొడుగు ముసలాయన తర్వాత నెలలో ఎక్కాడు. మొన్న ప్యాసింజర్లో ఎవరో ఆవిడ ముందే ఇదంతా మొదట్నుంచి చివరిదాకా చెప్పారు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ మొత్తం విని, ఇటు తిరిగింది.

"మబ్బు కాదు, ఐసు. చేపల మార్కెట్టుది, కిలోన్నర. బాపట్లలో దిగేసరికి నీళ్లయిపోయింది. టీసీ అసలు రాలేదు, వచ్చినా టిక్కెట్లున్నాయి. ఆ పిల్లని మాట్లాడించింది నేను కాదు. మాట ఆపింది నేను. చెప్పేటప్పుడు అది కూడా చెప్పండి."